సిరా లేని అచ్చులో 37 చుక్కలు

హనుమకొండలో సంక్రాంతి ముగ్గుకు కూర్చున్నవారు ‘7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు’ అంటే చాలు, ఆకారం తెలిసిపోతుంది. నడుమ వరుసలో 7, దానికి పైనా కిందా 6, 5, 4 చొప్పున చుక్కలు పెడితే 37 చుక్కల షడ్భుజి వస్తుంది. దీన్నే తెల్లని మందపాటి కాగితంపై, సిరా అంటకుండా, కేవలం ఉబ్బెత్తుగా అచ్చొత్తవచ్చు.

ఇందుకు లోహపు పలకలో 37 గుంటలు చెక్కి, దానిపై తడిపిన నూలు కాగితాన్ని పరచి, పైన మెత్తని కంబళి వేసి ప్రెస్సులో గట్టిగా నొక్కుతారు. కాగితంలోని సెల్యులోజ్ పోగులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచేవి ప్రధానంగా హైడ్రోజన్ బంధాలు. నీరు చేరి వాటిని సడలించడంతో పోగులు కదిలి గుంటల్లోకి దిగుతాయి, ఆరేటప్పుడు ఆ కొత్త వంపులోనే మళ్లీ బిగుసుకుంటాయి. పొడి కాగితాన్ని అలాగే నొక్కితే చుక్క అంచున చిట్లే ప్రమాదం ఉంది. పెంబర్తి పనివారు ఇత్తడి రేకుపై తేల్చే బొమ్మకు తడి బెడద లేదు, ఎందుకంటే దెబ్బకు లోహపు స్ఫటికాల పొరలే జారి స్థిరపడతాయి. కాగితపు ఉబ్బు మాత్రం మళ్లీ తడిస్తే కుంగిపోతుంది.

ఎదురు వెలుతురులో ఈ అచ్చు దాదాపు ఖాళీ కాగితమే. కిటికీ పక్కన ఏటవాలుగా పట్టుకుంటే ప్రతి చుక్కకూ ఒకవైపు మెరుపు, మరోవైపు నీడ ఏర్పడతాయి. వెలుగు పైనుంచే వస్తుందని మన మెదడు ముందే అనుకుంటుంది కాబట్టి, పైనుంచి వెలుగు పడేలా తీసిన ఫొటోను తలకిందులు చేస్తే ఉబ్బులన్నీ గుంటల్లా కనిపిస్తాయి.

అసలు విశేషం లెక్కలో ఉంది. 64 పాచికలను నాలుగేసి చొప్పున ఘనంగా పేర్చి, ఒక మూలకు ఎదురుగా నిలబడి చూస్తే కనిపించేవి సరిగ్గా 37: మూలన 1, అక్కడ కలిసే మూడు అంచుల్లో మూడేసి చొప్పున 9, మూడు ముఖాల్లో తొమ్మిదేసి చొప్పున 27. వాటిని తీసేస్తే 27 పాచికల ఘనం మిగులుతుంది. దాని పై పొర 19, తర్వాతిది 7, చివరికి 1. అంటే 1, 7, 19, 37 అనే, నడుమ చుక్క చుట్టూ పెరిగే షడ్భుజుల చుక్కల సంఖ్యలను కూడితే 4 యొక్క ఘనం 64 వస్తుంది. (సంఖ్యను పేర్చిన గుట్టగా చూడటం మనకు పాతదే, క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో పేర్చిన గుట్టలోని మొత్తానికి ‘చితిఘనం’ అని పేరు.)

పలకలోని ఒక్కో గుంటను కనిపించే ఒక్కో పాచికగా తీసుకుని, ఆ మూలనూ, అంచులనూ సూచించే 10 గుంటలను కాస్త లోతుగా చెక్కితే, కాగితంపై మూడు గీతలు నడుమ కలిసినట్టు లేచి, చదునైన ముగ్గు ఘనంలా కనిపిస్తుంది. రంగు వేస్తే కన్ను రంగునే చూస్తుంది గనుక ఇక్కడ సిరా అడ్డమేనని నా అభిప్రాయం. పైగా ఈ లెక్కను వేలితోనూ చదవవచ్చు. బ్రెయిలీ గడిలో చుక్కకూ చుక్కకూ మధ్య దూరం సుమారు 2.5 మిల్లీమీటర్లు; వేలికొన వాటిని విడివిడిగా గుర్తుపడుతుంది. అదే దూరం పాటిస్తే 7 చుక్కల నడుమ వరుసకు ఒకటిన్నర సెంటీమీటరు చాలు, ముంగిలంత ముగ్గు ఒక్క వేలికొన కిందకు వచ్చేస్తుంది.