పట్టుపురుగు ఐదో జ్వరం

పట్టుగూళ్లను చంద్రికల (పురుగులు గూళ్లు అల్లుకునే తట్టల) నుంచి విడదీసే ముందు రైతు ఒక గూటిని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూస్తాడు. గలగలమంటే లోపలి పురుగు ప్యూపాగా, అంటే రెక్కలపురుగు కావడానికి ముందు దశగా, మారి గట్టిపడిందని అర్థం. ఆ గూటిని బ్లేడుతో కోస్తే, గోధుమరంగు ప్యూపా తోక దగ్గర ముడతలు పడిన చిన్న పొర కనిపిస్తుంది. అది పురుగు విడిచిన చివరి చర్మం. రైతులు ‘జ్వరం’ అని పిలిచే ఈ చర్మం విడవడం అంతకుముందు నాలుగుసార్లు జరిగినా, ప్రతిసారీ లోపలి నుంచి పురుగే వచ్చింది. ఐదోసారి ప్యూపా ఎందుకు వచ్చింది?

మట్టిగూట్లో పెట్టిన పురుగు, భ్రమరం ఝంకారం వింటూ భ్రమరమైపోతుందని భ్రమరకీటక న్యాయం చెబుతుంది. వేదాంతానికి అది చక్కని ఉపమానమే గాని, నిజానికి ఆ మట్టిగూడు కట్టే భ్రమరం ఒక కందిరీగ; దాని పిల్ల ఆ పురుగును తినేసి బయటికి వస్తుంది.

అసలు సమాధానానికి దారి చూపింది ఒక దారప్పోగు. పోలెండ్ శాస్త్రవేత్త స్టెఫాన్ కోపెచ్, జిప్సీ మాత్ అనే రెక్కలపురుగు గొంగళిని చివరి దశలో తీసుకుని, నడుముకు దారం బిగించి కట్టి, రక్తం అటూ ఇటూ పారకుండా చేశాడు. ఆ దశలో ఏడో రోజుకు ముందు కడితే ముందు సగం ప్యూపా అయింది, వెనుక సగం గొంగళిగానే ఉండిపోయింది; ఆ తరువాత కడితే రెండు సగాలూ ప్యూపా అయ్యాయి. నాడీతంతువును కోసినా మార్పు ఆగలేదు గాని, ముందుగానే మెదడు తీసేస్తే ఆగిపోయింది. అంటే మెదడు పంపే ఆజ్ఞ నాడి వెంట కాక రక్తంలో కలిసి వెళుతోందని 1922 నాటికే తేలిపోయింది. ఒకే ఒంట్లో సగం ప్యూపా, సగం గొంగళి! కీటకశాస్త్రంలో ఇంతకంటే చవకైన, ఇంతకంటే తెలివైన ప్రయోగం నాకు తెలియదు.

మెదడు విడిచే హార్మోను ఛాతీలోని గ్రంథిని తడితే ఆ గ్రంథి ఎక్డైసోన్‌ను స్రవిస్తుంది. చర్మం విడిపించేది అదే. 1954లో జర్మన్ శాస్త్రవేత్తలు బూటెనాంట్, కార్ల్‌సన్ 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి 25 మిల్లీగ్రాముల ఎక్డైసోన్ తీయగలిగారు. అయితే విడిచిన చర్మం కింద ఏ రూపం ఉండాలో నిర్ణయించేది మెదడు వెనుక గ్రంథులు స్రవించే జువెనైల్ హార్మోను. అది రక్తంలో నిండుగా ఉంటే మళ్లీ పురుగే. ఐదో దశలో అది అడుగంటాక ఎక్డైసోన్ పెరిగితే ప్యూపా. 1938లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త బూనియోల్ చిన్న పట్టుపురుగులలో ఆ గ్రంథులను తీసేస్తే, అవి వయసు రాకుండానే చిట్టిగూళ్లు అల్లుకుని చిట్టిప్యూపాలయ్యాయి.

మన దేశంలో పురుగులు ముందువెనుకలుగా పండకుండా (గూడు అల్లడానికి సిద్ధం కాకుండా), మొక్కల నుంచి తీసిన ఎక్డైసోన్ వంటి పదార్థాన్ని మల్బరీ ఆకు మీద చల్లి, అన్నీ ఒక్కసారిగా చంద్రిక ఎక్కేలా చేసే రైతులున్నారు.