వంకాయ మానేస్తే వాపు తగ్గుతుందా? ఇన్‌ఫ్లమేషన్‌పై అపోహలు - వాస్తవాలు

నేను బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర డైటీషియన్‌ని. నా దగ్గరికి వచ్చే తెలుగువాళ్ళలో చాలామంది హెల్త్ చెకప్ రిపోర్టు పట్టుకుని వస్తారు. సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) ఎక్కువ చూపించి ఉంటుంది. "మేడమ్, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందంట, ఏం మానేయాలి?" అంటారు. ఏం తినాలని అడిగేవాళ్ళు తక్కువ.

దెబ్బ తగిలినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు కలిగే వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్, మనకు రక్షణ. దాన్ని ఆపాల్సిన పనిలేదు. తిండితో తగ్గించాల్సింది పైకి తెలియకుండా ఏళ్ళ తరబడి సాగేదాన్ని. షుగరు, గుండెజబ్బు ముదరడంలో దాని పాత్ర ఉంది.

అపోహ: పప్పు, వంకాయ, టమాటా, బంగాళాదుంప వాతం. మానేస్తే కీళ్ళవాపు పోతుంది.

కదిరి వైపు నుంచి కొడుకు ఇంటికి వచ్చిన ఒక పెద్దావిడ "అన్నీ మానేశానమ్మా, అయినా మోకాళ్ళు తగ్గలే" అంది. ఏం తింటోందని ఒక్కొక్క పూటా అడిగాను. వాతమని పప్పు తీసేసింది, దురదని వంకాయ తీసేసింది, పులుపని టమాటా, పెరుగు తీసేసింది. చివరికి కంచంలో మిగిలినవి తెల్లన్నం, చారు, అప్పడాలు. చిన్నప్పటి నుంచి తిన్న రాగి సంగటి కూడా లేదు.

వంకాయ, టమాటాల వల్ల కీళ్ళవాపు పెరుగుతుందనడానికి సరైన ఆధారం లేదు. ఫలానాది తిన్న ప్రతిసారీ మీకు ఇబ్బంది అవుతుంటే అదొక్కటే పక్కన పెట్టండి, అన్నీ కాదు. పప్పు సంగతికొస్తే, గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్ళు వాచే జబ్బు) మీద అమెరికాలో 47 వేల మంది మగవాళ్ళని 12 ఏళ్ళు గమనించిన అధ్యయనం 2004లో వచ్చింది. మాంసం, సముద్రపు చేపలు, రొయ్యలు ఎక్కువ తిన్నవాళ్ళలో గౌట్ పెరిగింది. పప్పులు, పాలకూర తిన్నందుకు పెరగలేదు.

పైగా ఆవిడ మానేసినవాటిలోనే పీచు ఉంది. పప్పు, కూరగాయలు, రాగిలోని పీచు మనకు అరగదు, పెద్దపేగులోని బ్యాక్టీరియాకి అదే తిండి. అవి దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పేగు గోడ గట్టిగా ఉండడానికీ, ఇన్‌ఫ్లమేషన్ అదుపులో ఉండడానికీ అవి కావాలి. అందుకే ఆవిడకి సంగటీ, ఆకుకూర పప్పూ మళ్ళీ మొదలుపెట్టమన్నాను.

అపోహ: పసుపు క్యాప్సూల్స్ వేసుకుంటే చాలు.

కూరలో పసుపు నిశ్చింతగా వేసుకోండి. కానీ పసుపులో గుణమిచ్చే కర్క్యుమిన్ అనే పదార్థం సుమారు 3 శాతమే, అదీ రక్తంలోకి చాలా కొద్దిగా చేరుతుంది. మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు, 2 గ్రాముల కర్క్యుమిన్‌తో కలిపి ఇస్తే అది ఒంటికి పట్టడం 20 రెట్ల దాకా పెరిగిందని 1998లో చూపించింది మన బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళే. అందుకే క్యాప్సూల్స్‌లో మిరియాల సారం కలుపుతుంటారు. మోకాలి నొప్పికి కొంత ఉపశమనం ఇచ్చినట్టు చిన్న చిన్న పరిశోధనలు ఉన్నాయి, కాదనను. అయితే ఇలాంటి క్యాప్సూల్స్ వాడినవాళ్ళలో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా అసలు వేసుకోవద్దు.

అపోహ: సన్‌ఫ్లవర్ నూనె విషం, పాలు, గోధుమలు వాపు పెంచుతాయి.

ఈ నూనెలోని లినోలిక్ ఆమ్లం సీఆర్‌పీని పెంచుతుందని మనుషుల మీద చేసిన పరీక్షల్లో తేలలేదు. భయపడాల్సింది ట్రాన్స్ ఫ్యాట్‌కి, మళ్ళీ మళ్ళీ మరిగించిన నూనెకి. నూనెలు, వనస్పతిలో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదని 2022 నుంచి నిబంధన ఉంది. అయినా సాయంత్రం టీతో రోజూ వనస్పతి పఫ్ తినే అలవాటు మాత్రం తగ్గించుకోవాలి. పాలు పడనివాళ్ళు, సీలియాక్ జబ్బు (గోధుమల్లోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్ళు తప్ప మిగతావాళ్ళు పాలు, చపాతీ మానక్కర్లేదు.

అపోహ: ఏదో ఒక పదార్థం మానేస్తే సీఆర్‌పీ దిగుతుంది.

ఐటీ ఉద్యోగాలు చేసే పిల్లలకి నేను ముందు కొలిచేది నడుము. మనవాళ్ళలో మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట లోపల కొవ్వు పేరుకున్నట్టే లెక్క. ఆ కొవ్వు ఊరికే ఉండదు. ఐఎల్-6 లాంటి రసాయనాలు వదులుతుంది, వాటి ప్రభావంతో లివర్ సీఆర్‌పీ తయారుచేస్తుంది. బరువు కాస్త తగ్గినా ఆ అంకె దిగుతుంది. అన్నం కొంచెం తగ్గించి, కూర రెట్టింపు చేసి, కూల్‌డ్రింక్స్ మానేసి, గౌట్ లేకపోతే వారానికి రెండుసార్లు కానాగంత చేపలు తినండి. ఇక్కడ చేపల దుకాణంలో బంగుడె అని అడిగితే ఇస్తారు. శాకాహారులకి అవిసె గింజల పొడి మంచిదే, కాకపోతే చేపలో దొరికేంత ఒమేగా-3 అనే మంచి కొవ్వు దాని నుంచి రాదు.

హెచ్‌ఎస్-సీఆర్‌పీ (సీఆర్‌పీని మరింత సూక్ష్మంగా కొలిచే పరీక్ష) లీటరుకి 1 మిల్లీగ్రాము కంటే తక్కువైతే బాగున్నట్టు, 3 దాటితే గుండెకి ముప్పు ఎక్కువ. 10 దాటితే తిండి మాట పక్కనపెట్టి ముందు ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. జలుబు, జ్వరం ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయించొద్దు.

అపోహ: పథ్యం బాగా చేస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్ మందులు ఆపేయొచ్చు.

దయచేసి ఆపొద్దు. మన రోగనిరోధక శక్తే మన కీళ్ళ మీద దాడిచేసే ఈ జబ్బులో కీళ్ళు అరిగిపోవడం మొదటి రెండేళ్ళలోనే మొదలవ్వొచ్చు, అరిగిన ఎముక తిండితో తిరిగి రాదు. ఈ జబ్బుకి వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మందు మానేసి నా దగ్గరికి డైట్ చార్ట్ కోసం వస్తే, చార్ట్ కంటే ముందు రుమటాలజిస్ట్ (కీళ్ళజబ్బుల డాక్టర్) దగ్గరికే పంపిస్తాను. పొద్దున లేచాక వేళ్ళు అరగంట దాటినా బిగుసుకునే ఉంటున్నాయా? ఈ వారమే వెళ్ళి చూపించుకోండి.