సర్పంచ్ పని: ఊళ్లో వినే అపోహలు, ఐదేళ్లలో తెలిసిన వాస్తవాలు

2019 జనవరి ఎన్నికల్లో సర్పంచ్‌గా గెలిచాను, 2024 జనవరి ఆఖరున దిగిపోయాను. తెలంగాణలో మాది చిన్న పంచాయతీ. ఒక ఊరు, దాని పక్కనే 500 జనాభా లేక విడి పంచాయతీ కాలేకపోయిన ఒక తండా. నేను దిగాక దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారులు నడిపారు. 2025 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. అప్పటి నుంచి కొత్తగా గెలిచినవాళ్లు ఫోన్ చేస్తున్నారు, వాళ్లకు ఓటేసినవాళ్లు దారిలో ఆపి అడుగుతున్నారు. ఏ పని ముందు, ఏది వెనక అన్నది సర్పంచ్ ఇష్టమని ఇద్దరూ అనుకుంటున్నారు.

అపోహ: కేంద్రం నుంచి లక్షలు వస్తాయి, సర్పంచ్‌కు మనసుంటే చాలు

డబ్బు వస్తుంది. ఏది దేనికో ముందే రాసి వస్తుంది. నా కాలంలో నడిచిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటు 2021-22 నుంచి ఇలా ఉండేది. లక్ష వస్తే 60 వేలకు పద్దు కట్టేసి ఉండేది: సగం తాగునీటికి, వాననీటి నిల్వకు, సగం పారిశుద్ధ్యానికి. మిగిలిన 40 వేలు ఊరి అవసరాలకు వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం వాడకూడదు. ఒక పద్దులో ఇక చేయాల్సింది లేదని తేలితే ఆ సొమ్ము రెండో పద్దుకు మళ్లించుకోవచ్చు. ఈ వెసులుబాటు సంగతి నాకు మూడో ఏడు గానీ తెలియలేదు.

2018 పంచాయతీరాజ్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టమంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే సర్పంచ్ పదవికే ఎసరు. వీటి పైన పల్లె ప్రగతి అనే రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమంలో కొన్న ట్రాక్టర్ కిస్తీ, దాని డీజిల్, బోరు మోటార్లకూ వీధి దీపాలకూ కరెంటు బిల్లు, సఫాయి పనివాళ్ల జీతాలు. ఇవన్నీ పోగా మిగిలినదాంట్లోనే నా ప్రాధాన్యాలు. యూత్ సంఘం పిల్లలు ఓపెన్ జిమ్ అడిగినప్పుడు నేను నీళ్లు నమిలింది అందుకే.

ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆ గ్రాంటు కూడా రాదు. ప్రత్యేకాధికారుల కాలంలో వీధి దీపాలు ఎందుకు మాడిపోయాయని అడిగినవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

అపోహ: సీసీ రోడ్డు పడితే ఊరు బాగుపడ్డట్టే

నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. మూడో వార్డు వాళ్లు రోడ్డు, రోడ్డు అని వెంటపడితే మొదటి ఏడాదే పోయించేశాను. మోరీ, అంటే మురుగు కాలువ, తర్వాత చూద్దాంలే అనుకున్నాం. పాత మట్టి బాట మీదే కాంక్రీటు పోయడంతో రోడ్డు ఇళ్ల గడపల కంటే ఎత్తుకు లేచింది. వానాకాలం రాగానే నీళ్లన్నీ ఇళ్లల్లోకి పోయాయి. ఆ గల్లీ చివర ఉండే అవ్వ నన్ను చేయి పట్టుకొని లోపలికి తీసుకెళ్లింది. "సూడు బిడ్డా, నా ఇంట్ల చెరువు తవ్విచ్చినవ్" అంది. ఎనిమిది నెలల తర్వాత నల్లా పైపు పగిలితే ఆ కొత్త రోడ్డునే మధ్యలో కోయాల్సి వచ్చింది. అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది. నేను అటు వెళ్లినప్పుడల్లా పక్కకు చూస్తాను.

ముందు భూమి కింది పైపు, తర్వాత మోరీ, ఆఖరున రోడ్డు. మోరీ వాటం చూసేటప్పుడు ఇళ్ల దగ్గర మొదలుపెట్టకండి, నీళ్లు చివరికి ఎక్కడ పడాలో అక్కడ మొదలుపెట్టండి. ఆ చివర వాగుందా, కుంట ఉందా, లేక ఎవరి పొలమో ఉందా? ఏదీ లేకపోతే ఇంకుడు గుంత తవ్వాలి. ఇది తేలకుండా కట్టిన మోరీ దోమలకు తొట్టి. అందుకే నా రెండో రోడ్డు రెండేళ్లు ఆలస్యమైంది. ఆ వార్డులో నాకు వచ్చిన తిట్లు ఇంకెక్కడా రాలేదు.

మరి అన్ని ఊళ్లలోనూ రోడ్లే ముందెందుకు పడతాయి? 2005 ఉపాధి హామీ చట్టంలో కూలీకి 60, సామగ్రికి 40 అని వాటా ఉండేది. సామగ్రి వాటా ఖర్చు చేయడానికి సీసీ రోడ్డు అన్నిటికంటే తేలిక. మార్చిలోపు పూర్తి చేయాలనే తొందర కూడా తోడయ్యేది. పైగా రోడ్డు ముందు నిలబడి ఫొటో దిగొచ్చు. మోరీకి రిబ్బన్ కట్ చేసిన ఎమ్మెల్యేను నేనైతే చూడలేదు.

అపోహ: పింఛను, రేషన్ కార్డు సర్పంచ్ చేతిలో ఉంటాయి

ఉండవు. సర్పంచ్ దరఖాస్తు ఇప్పించగలదు, తిరగగలదు, గట్టిగా అడగగలదు. మంజూరు పైనే. బెల్ట్ షాపు సంగతీ అంతే. గ్రామసభలో తీర్మానం చేయొచ్చు, అధికారం ఎక్సైజ్ వాళ్లది.

అపోహ: గ్రామసభ అంటే సంతకాల పుస్తకం

మన చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. వచ్చే ఏడాది పనుల జాబితా, అంటే పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, అక్కడే తేలాలి. అందులో లేని పనికి తర్వాత డబ్బు పెట్టడం చాలా కష్టం. తండా వాళ్లు మొదటి ఏడాది గ్రామసభకు రాలేదు, వాళ్ల బోరు జాబితాలోకి ఎక్కలేదు. రెండో ఏడాది ఇరవై మంది ఆడవాళ్లు వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. బోరు మొదటి పేరుగా ఎక్కింది.

నా మొదటి గ్రామసభలో కుర్చీ నాకు వేసి, మైకు మా ఆయనకు ఇచ్చారు. పాపం ఆయన అది పట్టుకొని ఏం చేయాలో తెలియక నా వైపు చూశాడు. సగం సర్పంచ్ పదవులు ఆడవాళ్లకు కేటాయించినా, "సర్పంచ్ సాబ్" అంటే చాలామందికి ఇంకా భర్తే గుర్తొస్తాడు.

అపోహ: ఇంటి పన్ను కట్టకపోయినా ప్రభుత్వం ఇస్తుంది కదా

పైన చెప్పిన లెక్క ఒకసారి చూడండి. పంచాయతీకి ఎవరూ పద్దు కట్టని డబ్బంటే ఇంటి పన్ను, నల్లా బిల్లు, లైసెన్సు ఫీజుల వంటి సొంత రాబడే. శుక్రవారం రాత్రి మోటారు కాలితే శనివారం పొద్దున్నే బాగు చేయించేది ఆ డబ్బుతోనే. గీసుకొండ మండలం గంగదేవిపల్లి పేరు అందరికీ తెలుసు. అక్కడ పనికో కమిటీ పెట్టుకున్నారు, ఇంటి పన్ను నూరు శాతం కట్టారు. గంగదేవిపల్లిలా చేస్తానని ఎన్నికల్లో చెప్పని అభ్యర్థి లేడు. వాళ్లలా పన్ను కడతానన్న ఓటరు మాత్రం నాకు తగల్లేదు.

అపోహ: సర్పంచ్ అంటే బాగా వెనకేసుకుంటారు

వెనకేసుకున్నవాళ్లు ఉన్నారు, కాదనను. నాకు మొదట్లో గౌరవ వేతనం నెలకు 5,000, 2021లో 6,500 అయింది. చెక్కు మీద నా సంతకంతో పాటు ఉపసర్పంచ్ సంతకమూ ఉండాలి. ఇద్దరికీ పడకపోతే ఊరి పని అక్కడే ఆగుతుంది. కొలతల పుస్తకంలో ఇంజనీరు రాయకపోతే బిల్లు లేదు, రాసినా సొమ్ము ఎప్పుడొస్తుందో తెలియదు. శ్మశానవాటిక పనికి నేను రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పెట్టాను. పదవి దిగేనాటికి ఆ బిల్లులో సగం రాలేదు. అప్పు కట్టడానికి మెడలోది ఒకటి కుదువ పెట్టాను, నిరుడు విడిపించుకున్నాను.

కొత్త సర్పంచులు అడిగేది: మొదటి వారం ఏం చేయాలి?

నీళ్ల ట్యాంకు ఎక్కి లోపలికి చూడండి. నల్లా వచ్చింది కదా, ఇక నీళ్ల బాధ లేదు అనుకోవడం కూడా ఒక అపోహే. ట్యాంకు ఎన్నాళ్లకోసారి కడుగుతున్నారో వాటర్‌మన్‌ను అడగండి. బ్లీచింగ్ పౌడర్ బస్తా మీద తేదీ చూడండి, పాతబడితే అందులో క్లోరిన్ పోతుంది. ట్యాంకు దగ్గర పరీక్షించి ఊరుకోకండి. పైపు చిట్టచివరి ఇంటి నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉందో లేదో చూడండి. మా ఊళ్లో ఆ చివరి ఇల్లు తండాలో ఉండేది, అక్కడ ఏమీ ఉండేది కాదు.

ఎక్కేటప్పుడు నిచ్చెన మెట్లు చూసుకోండి. మాది కింద నుంచి నాలుగోది తుప్పు పట్టి ఊగేది.