ఎల్ లేని సందేశం

ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడు మొన్న రాత్రి ఫోన్ చేశాడు. "మామయ్యా, ఎనిగ్మా మిషన్‌ని దాదాపు 16 లక్షల కోట్ల కోట్ల రకాలుగా సెట్ చేయొచ్చట. సెకనుకొకటి చొప్పున చూసుకుంటూ పోయినా 5 లక్షల కోట్ల ఏళ్ళు పడుతుంది. మరి ఎలా పట్టేశారు?" లెక్క వాడే వేశాడు, సరిగ్గానే వేశాడు.

రెండో ప్రపంచ యుద్ధం, జర్మన్లు, సందేశాలను ఎవరికీ అర్థంకాని అక్షరాలుగా మార్చే టైప్ మిషన్ లాంటి పెట్టె, దాని గుట్టు పట్టేసిన ఇంగ్లీషువాళ్ళు... ఇదంతా అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. నేనూ మొదటిసారి దీని గురించి చదివినప్పుడు డిటెక్టివ్ కథలా చదివేశాను. పుస్తకం మూశాక "ఇంతకీ ఎలా?" అని ఎవరైనా అడిగితే నోట మాట లేదు. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను: ఎనిగ్మాలో ఏ అక్షరమూ తనలాగే రాదు. బి నొక్కితే మిగతా ఇరవై అయిదింటిలో ఏదైనా రావచ్చు, బి మాత్రం రాదు.

ఎందుకు రాదు? మీట నొక్కగానే కరెంటు ముందున్న ప్లగ్‌బోర్డు (కొన్ని అక్షరాలను జతలుగా తారుమారు చేసే పలక) దాటి, నొక్కినప్పుడల్లా స్థానం మారే మూడు చక్రాల గుండా వెళ్ళి, చివరనున్న రిఫ్లెక్టర్‌ని చేరుతుంది. అక్కణ్ణుంచి మళ్ళీ అవే చక్రాల గుండా వెనక్కి వచ్చి, ప్లగ్‌బోర్డు దాటి ఒక అక్షరం బల్బు వెలిగిస్తుంది. రిఫ్లెక్టర్ అంటే 26 కొనలను రెండేసి చొప్పున 13 తీగలతో జత కట్టిన బిళ్ళ. తీగలో ఈ చివర దూరిన కరెంటు ఆ చివర్నుంచే బయటపడాలి కదా! అందుకే వెళ్ళిన దారినే తిరిగి రావడం దానివల్ల కాదు. జర్మన్లకి దీంతో ఒక సుఖం ఉంది. బి నొక్కితే కె వచ్చిందంటే, అదే సెట్టింగ్‌లో కె నొక్కితే బి వస్తుంది. రహస్యంగా మార్చడానికీ, తిరిగి చదువుకోవడానికీ ఒకటే పెట్టె చాలు.

ఆ సుఖానికి ఖరీదెంతో చూడండి. 26 అక్షరాలను ఇష్టమొచ్చినట్టు తారుమారు చేస్తే వచ్చే రకాలు 4 పక్కన 26 సున్నాలు పెడితే ఎంతో, సుమారుగా అంత. జతలుగా మాత్రమే మార్చాలంటే 25×23×21×...×3×1, అంటే దాదాపు 7.9 లక్షల కోట్లు. ఇదీ పెద్ద అంకెలాగే కనిపిస్తుంది కానీ, మొదటిదాని పక్కన సముద్రం ముందు నీటిబొట్టు. ప్రస్తారాలు, సంయోగాలు చెప్పడానికి మన క్లాసుల్లో ఇప్పటికీ సంచీలో ఎర్ర బంతులు, నల్ల బంతులే. ఈ పెట్టె గురించి చెబితే వెనక బెంచీ కూడా లేచి కూర్చుంటుంది!

ఇప్పుడు అసలు పని. చిన్నప్పుడు అక్కా నేనూ క భాష మాట్లాడుకునేవాళ్ళం, ప్రతి అక్షరం ముందు ఒక క చేర్చి. మామిడికాయ అనాలంటే "కమాకమికడికకాకయ". అమ్మమ్మ రెండు రోజుల్లో పట్టేసింది. ఎలాగంటే, "ఎండాకాలంలో మీరిద్దరూ గుసగుసలాడితే జాడీ గురించి కాక ఇంకేముంటుంది?" అంది. ఇంగ్లండులో శత్రువుల రహస్య సందేశాలను ఛేదించే కేంద్రం, బ్లెచ్లీ పార్క్ వాళ్ళు చేసిందీ అదే. ఆ సందేశంలో ఏ మాట ఉండి తీరుతుందో ముందే ఊహించడం. దాన్ని వాళ్ళు క్రిబ్ అనేవారు. వాతావరణ సూచన, 'విశేషాలేమీ లేవు' లాంటి మాటలు జర్మన్ సందేశాల్లో మాటిమాటికీ వచ్చేవి.

మాట తెలిసింది, ఎక్కడుందో తెలియదు. తెలుగు ఎనిగ్మా ఒకటి ఉందనుకోండి. అందులోంచి వచ్చిన సందేశం ఇది: గ డ ల మ ప ర స క. లోపల 'పడమర' అనే మాట ఉందని మన ఊహ. ప, డ, మ, ర అని ఒక కాగితం ముక్క మీద రాసి దీని కింద జరపండి. మొదటి చోట పెడితే డ కింద డ పడింది, కుదరదు. ఒక అడుగు జరిపితే మ కింద మ. ఇంకో అడుగు, ర కింద ర. నాలుగో చోట ఏదీ తగల్లేదు. అయిదో చోట ప కింద ప. అంటే 'పడమర' ఉంటే గింటే నాలుగో చోటే ఉండాలి. తాళం గురించి మనకి ఒక్క ముక్క తెలియకుండానే!

ఇలా కుదిరేలా నేనే పేర్చాను లెండి. నిజంగా అయితే 16 అక్షరాల క్రిబ్ తప్పు చోట పెట్టినప్పుడు దేనికీ తగలకుండా నిలిచే అవకాశం 53 శాతం. 25 అక్షరాలదైతే 37.5. జల్లెడలో మిగిలిన చోట్లను అక్కడి గణితజ్ఞుడు ట్యూరింగ్ రూపొందించిన బాంబ్ అనే యంత్రానికి ఇచ్చేవారు (పేలేది కాదు). 1940 నుంచి అది పనిచేసింది. క్రిబ్‌లోని అక్షరానికి పైన సందేశంలోని ఒక అక్షరం, దానికి ఇంకోటి, అలా తిరిగి మొదటికే వచ్చే గొలుసులు దొరుకుతాయి. ప్లగ్‌బోర్డులో ఒక అక్షరానికి జత ఇదీ అనుకుని గొలుసు చుట్టి వస్తే, మొదటికి వచ్చేసరికి జత వేరేగా తేలితే ఆ ఊహ తప్పు. ఏ ఊహా నిలబడకపోతే చక్రాల ఆ సెట్టింగే తప్పు. దీనివల్ల ప్లగ్‌బోర్డు తెచ్చిన 1.5 కోట్ల కోట్ల రకాలు పక్కకి పోయి, వెతకాల్సినవి చక్రాల వరుసలు (అయిదింటిలోంచి మూడు) 60, వాటి స్థానాలు 17,576. మొత్తం 10,54,560. మా వాడి ప్రశ్నకి జవాబు ఈ అంకే. చక్రాల లోపలి తీగల అల్లికనైతే 1932లోనే పోలండు గణితజ్ఞుడు రేయెవ్‌స్కీ లెక్కకట్టేశాడు. ఆయన పేరు చాలామంది ఎత్తరు.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం బ్లెచ్లీ పార్క్‌లోనే పనిచేసిన మేవిస్ లీవర్ అనే అమ్మాయి చేసిన పని. అప్పటికి ఇరవై ఏళ్ళు అటూ ఇటూ ఉంటాయి. ఇటలీ నౌకాదళం ఎనిగ్మా సందేశం ఒకటి చూస్తూ, ఇందులో ఎల్ ఒక్కటీ లేదేమిటి అనుకుంది. 200 అక్షరాల సందేశంలో ఫలానా అక్షరం ఒక్కసారి కూడా రాకపోవడానికి అవకాశం పదివేలలో 4. ఏదో ఒకటి ఉత్తుత్తి సందేశం పంపమంటే, ఆ ఆపరేటర్ బద్ధకించి ఎల్ మీదే వేలు పెట్టి కూర్చున్నాడన్నమాట! సందేశం మొత్తం క్రిబ్ అయిపోయింది. దాంతో కొత్త చక్రం తీగల అల్లిక కూడా దొరికింది.

అక్షరాలు లెక్కపెట్టడం అనగానే, పేరులో ఇంకో 'ఏ' అక్షరం చేర్చుకుంటే దశ తిరుగుతుందనే న్యూమరాలజీ వాళ్ళు గుర్తొస్తారు. మేవిస్ ఊహ తప్పయితే సాయంత్రానికి తేలిపోయేది. వీళ్ళ ఊహ మాత్రం ఎన్నటికీ తప్పు కాదు. దశ తిరక్కపోతే ఇంకో 'ఏ' చేర్చమంటారు.

ఫోన్ పెట్టేసే ముందు మావాడికి ఇంకొకటి ఇచ్చాను: ప న త వ మ డ ర డ ర గ. ఇందులోనూ 'పడమర' ఉంది. ఎక్కడో ఇంకా చెప్పలేదు.