పన్నెండో తరగతి తర్వాత ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్ఐ ఫీల్డ్: అపోహలు - వాస్తవాలు

ఇమేజింగ్ డిపార్ట్‌మెంట్‌లో, అంటే హాస్పిటల్‌లో ఎక్స్‌రేలు, స్కాన్లు తీసేచోట, వాటిని తీసే పనిలో ఉండబట్టి పదేళ్లు దాటింది. పన్నెండు అవ్వగానే ఈ కోర్సులో చేరాలనుకునే పిల్లలు, వాళ్లకన్నా ఎక్కువగా వాళ్ల అమ్మానాన్నలు అడిగేవి మళ్లీ మళ్లీ అవే ప్రశ్నలు, అందుకే ఒకేసారి రాసేస్తున్నా.

అపోహ: "బటన్ నొక్కడమే కదా, దానికి అన్నేళ్ల చదువెందుకు?"

బటన్ నొక్కాక ఎక్స్‌రే వచ్చేది సెకనులో పదో వంతు కూడా ఉండదండి, పనంతా దానికి ముందే. మామూలు చెస్ట్ ఎక్స్‌రేనే తీసుకోండి. ఛాతీ డిటెక్టర్‌కి (బొమ్మ పట్టే పలక) ఆనించాలి, గడ్డం పైకెత్తించాలి, చేతులు నడుం మీద పెట్టించి భుజాలు ముందుకి తోయించాలి, లేకపోతే రెక్క ఎముకలు ఊపిరితిత్తులకి అడ్డం పడతాయి. ఎక్స్‌రేలు వెలువడే ట్యూబ్‌ని డిటెక్టర్‌కి 180 సెంటీమీటర్ల దూరంలో ఉంచుతాం, దగ్గరైతే గుండె ఉన్నదానికన్నా పెద్దగా పడుతుంది. ఆ తర్వాత "గట్టిగా గాలి పీల్చి బిగపట్టండి" అంటే, భుజాలు ఎగరేసి గాలి వదిలేసేవాళ్లే ఎక్కువ! సరిగ్గా పీల్చకపోతే కింది భాగం తెల్లగా వచ్చి లేని న్యుమోనియా ఉన్నట్టు కనపడుద్ది. ఇదంతా నిలబడలేని, చెవి వినపడని, దగ్గు ఆగని మనిషి చేత చేయించాలి.

ట్రైనింగ్‌లో ఒకసారి కుడి మోకాలికి ఎడమ మార్కర్ (బొమ్మలో కుడో ఎడమో తెలిపే గుర్తు) పెట్టేశా. సీనియర్ చూసి ఆపారు కాబట్టి సరిపోయింది, ఇప్పటికీ ఎక్స్‌పోజర్ ఇచ్చేముందు మార్కర్ రెండుసార్లు చూస్తా.

అపోహ: "రేడియేషన్‌లో పనిచేస్తే పిల్లలు పుట్టరంట, జుట్టు ఊడిపోద్దంట"

అమ్మలందరికీ ఉండే భయం ఇదే. నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి ఏ మనిషికైనా సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌ల (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే లెక్క) దాకా రేడియేషన్ ఎలాగూ పడుతుంది. మా పనికి అంతర్జాతీయంగా సిఫార్సు చేసిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 50 దాటకూడదు. ఎక్స్‌పోజర్ టైంలో మేం సీసం గోడ వెనకాల ఉంటాం, ఒంటి మీద రేడియేషన్ కొలిచే బ్యాడ్జ్ ఉంటుంది, దాని లెక్క రికార్డవుతుంది. ఇంకోటి, దూరం రెట్టింపైతే డోస్ నాలుగో వంతుకి పడిపోతుంది, కాబట్టి సీ-ఆర్మ్ (ఆపరేషన్ జరుగుతుండగా వాడే ఎక్స్‌రే మిషన్) దగ్గర ఒక్క అడుగు వెనక్కి జరిగినా లాభమే. మిషన్ ఆగాక గదిలో రేడియేషన్ మిగలదు, లైటు ఆర్పితే వెలుతురు పోయినట్టే. గర్భం వస్తే ముందుగా చెప్పాలి, డ్యూటీ మారుస్తారు.

నిజం చెప్పాలంటే నన్ను ఇబ్బంది పెట్టింది రేడియేషన్ కాదు, నడుంనొప్పి. గంటల తరబడి లెడ్ ఏప్రాన్ (రేడియేషన్ ఆపే బరువైన సీసం కోటు), పైగా మంచం మీంచి టేబుల్ మీదకి పేషెంట్లని మార్చడం.

అపోహ: "ఎంఆర్ఐలో రేడియేషన్ లేదుగా, అది హాయి"

ఎక్స్‌రేలు లేవు, నిజమే. కానీ అయస్కాంతం రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటుంది, స్కాన్ లేనప్పుడు కూడా. అయస్కాంత బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు, 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత బలానికి దాదాపు ముప్పై వేల రెట్లు, మామూలు ఉక్కు ఆక్సిజన్ సిలిండర్ గదిలోకి తెస్తే తూటాలా ఎగిరిపోతుంది. అందుకే పేస్‌మేకర్ ఉందా, ఏమైనా ఆపరేషన్లు అయ్యాయా, కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా అని విసుగు పుట్టేలా అడుగుతాం. ఆ విసుగు భరించలేనివాళ్లకి ఎంఆర్ఐ సెట్ కాదు.

అపోహ: "రిపోర్ట్ కూడా మీరే రాస్తారుగా"

చాలా చోట్ల కాదు. రిపోర్ట్ రాసేది రేడియాలజిస్ట్, అంటే ఎంబీబీఎస్ లాంటిది చదివి పైన స్పెషలైజేషన్ చేసిన డాక్టర్. చేరాక ఈ తేడా తెలిసి డీలాపడిన వాళ్లని చూశా.

అపోహ: "ఏఐ వచ్చాక ఈ ఉద్యోగాలుండవు"

ఇమేజ్‌లో అనుమానం ఉన్నచోట గుర్తు పెట్టడానికి, స్కాన్ టైం తగ్గించడానికి ఇప్పటికే వాడుతున్నారు, బానే పనికొస్తోంది. తుంటి విరిగి కేకలేస్తున్న ముసలాయన్ని కదపకుండా, ట్యూబ్‌నే పక్కకి తిప్పి సైడ్ వ్యూ తీయడం మాత్రం ఇంకా మా మీదే ఉంది.

చేరేముందు కాలేజీని రెండే అడగండి: హాస్పిటల్‌లో ఎన్ని గంటలు నిజంగా పేషెంట్ల మీద పని చేయిస్తారు, ఈ సర్టిఫికెట్‌తో మీరు పనిచేయాలనుకునే దేశంలో లైసెన్స్ వస్తుందా. మొదటిదానికి నీళ్లు నమిలితే ఫీజు కట్టకండి.