చిట్టి డ్రోన్ బోర్డులో మిల్లీ ఓమ్‌ల లెక్క

అరచేతిలో ఇమిడే ఎఫ్‌పీవీ డ్రోన్లకు (కెమెరా దృశ్యాన్ని చూస్తూ ఎగరేసేవి) బోర్డు గీద్దామనుకునేవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: ప్రాసెసర్ ఏది పెట్టాలి? ఎఫ్411 ఇరుకైపోయింది కదా, జీ473 పెడితే సరిపోతుందా, హెచ్743 పెడితే ఇంకా సాఫీగా ఎగురుతుందా? అడగవలసిన ప్రశ్నే. కానీ జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. గైరో (డ్రోన్ తిరుగుడు వేగాన్ని కొలిచే చిప్పు) సెకనుకు 3,200 సార్లో 8,000 సార్లో ఇచ్చే రీడింగును వడపోసి నాలుగు మోటార్లకు ఆజ్ఞలు పంపడం 170 మెగాహెర్ట్జ్ జీ473కి మోయలేని పనేమీ కాదు. ఎఫ్411 ఇబ్బంది వేగంతో పాటు 512 కిలోబైట్ల ఫ్లాష్ (ప్రోగ్రామును దాచుకునే జాగా) కూడా. డ్రోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ బీటాఫ్లైట్‌లో కావలసినవన్నీ అందులో పట్టవు. జీ473లోనూ ఫ్లాష్ అంతే కాబట్టి, వాడని ఫీచర్లు తీసేసి బిల్డ్ చేసుకోవాలి. ప్రాసెసర్ సంగతి ఇంతటితో సరి.

65 మి.మీ. డ్రోన్‌లో బోర్డు మంచిదో కాదో తేల్చేది ఒంటి సెల్ బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు ఏ దారిన పోయి ఏ దారిన తిరిగొస్తోంది అన్నది. అది మిల్లీ ఓమ్‌లలో లెక్కపెట్టే వ్యవహారం.

300 ఎంఏహెచ్ సెల్ ఒకటి తీసుకుందాం. నిండా చార్జ్ చేస్తే 4.35 వోల్టులు, కాసేపు ఎగిరాక 3.8. థ్రాటిల్ చివరిదాకా తోస్తే మోటార్లన్నీ కలిపి 12 ఆంపియర్లు లాగాయనుకుందాం. సెల్ లోపలి నిరోధం 40 మిల్లీ ఓమ్‌లు. కనెక్టర్‌లో పిన్నుకు 10 చొప్పున 20. ఐదు సెంటీమీటర్ల 22 గేజ్ తీగలు రెండూ కలిపి 5. బోర్డు మీది రాగి దారి ఇంకో 5. మొత్తం 70. పన్నెండుతో గుణిస్తే 0.84 వోల్టు. అంటే 3.8 వోల్టుల బ్యాటరీ బోర్డు దాకా వచ్చేసరికి 2.96 అయింది. సెల్ 3.5కి దిగాక ఇదే పని చేస్తే బోర్డుకు దక్కేది 2.66. పదహారు వోల్టుల పెద్ద డ్రోన్‌లో ఈ నష్టాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మాత్రం అది మొత్తంలో ఐదో వంతుకు పైమాటే.

కనెక్టర్ వాటా ఒక్కటే చూడండి: 20 మిల్లీ ఓమ్‌లలో 12 ఆంపియర్లు అంటే 2.9 వాట్ల వేడి. పీహెచ్2.0 అనే చిన్న కనెక్టర్ పిన్నుకు తయారీదారు ఇచ్చే పరిమితి 2 ఆంపియర్లు. మనం దానికి ఆరు రెట్లు తోస్తున్నాం. బీటీ2.0, ఏ30 లాంటి కనెక్టర్లు పుట్టింది ఇందుకే. కొత్త బోర్డు గీసేవాళ్ళు పీహెచ్2.0 సాకెట్టును బోర్డుకే అతికించెయ్యకుండా, వెడల్పాటి రెండు ప్యాడ్లు వదిలిపెడితే ఎవరికి కావలసిన తీగ వాళ్ళు సోల్డర్ చేసుకుంటారు.

సెల్, కనెక్టరు కొనేవాళ్ళ చేతిలో ఉంటాయి. రాగి మాత్రం పూర్తిగా డిజైనరు చేతిలోనిదే. 35 మైక్రాన్ల మందం రాగిలో చతురస్రాకారపు ముక్క, అది ఏ సైజుదైనా సరే, దాదాపు అర మిల్లీ ఓమ్ ఇస్తుంది. 20 మి.మీ. పొడవు, 2 మి.మీ. వెడల్పు ఉన్న దారి అంటే పది చతురస్రాలు, 5 మిల్లీ ఓమ్‌లు. వెడల్పు 4 మి.మీ. చేస్తే సగం. అదే దారిని రెండు పొరల్లో నడిపి వయాలతో (పొరలను కలిపే రాగి పూత రంధ్రాలు) కుట్టేస్తే మళ్ళీ సగం. 0.8 మి.మీ. బోర్డులో 0.3 మి.మీ. వయా ఒక్కటి సుమారు 0.6 మిల్లీ ఓమ్. కాబట్టి ఒకటో రెండో వయాలు పెట్టి ఊరుకుంటే రాగి వెడల్పు చేసిన కష్టమంతా అక్కడే పోతుంది. పొర మారే ప్రతిచోటా కనీసం పది ఉండాలి.

అలాగని రాగిని ఇష్టమొచ్చినట్టు పొయ్యలేం. ఏడు చదరపు సెంటీమీటర్ల బోర్డులో 0.8 మి.మీ. ఫైబర్‌గ్లాస్ బరువు ఒక గ్రాము. 35 మైక్రాన్ల రాగి పొర పూర్తిగా నింపితే 0.22 గ్రాము. నాలుగు పొరలూ నింపితే దాదాపు 0.9 గ్రాము. బోర్డు బరువులో సగం రాగే! పై పొర, కింది పొర మందం రెట్టింపు చేస్తే ఇంకో 0.44 గ్రాము చేరుతుంది. బ్యాటరీతో కలిపి 25–30 గ్రాముల డ్రోన్‌కు అది తక్కువ బరువేమీ కాదు. మందం పెంచే బదులు మోటారు కరెంటు నడిచే చోట మాత్రం నాలుగు పొరలూ నింపి, సిగ్నల్ తీగలున్న చోట పై పొరను ఖాళీగా వదలడం మేలు.

ఇక్కడ ఒక మూఢనమ్మకం గురించి చెప్పాలి. డ్రోన్‌లో ఏ జబ్బు వచ్చినా పెద్ద కెపాసిటర్ తగిలిస్తే తగ్గిపోతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ నుంచి 12 ఆంపియర్లు లాగుతూ 0.3 వోల్టు తగ్గుదలను ఒప్పుకుంటే అది ఎంతసేపు ఆదుకుంటుంది? పన్నెండు మైక్రో సెకన్లు. థ్రాటిల్ తోసినప్పుడు వోల్టేజీ పడిపోయేది సెకన్లలో. ఆ పతనాన్ని ఆ కెపాసిటర్ ఏమీ చెయ్యలేదు. మరి అది పనికిరాదా? బాగా పనికొస్తుంది, వేరే పనికి. ఈఎస్సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) 48 కిలోహెర్ట్జ్‌తో మోటారును ఆన్, ఆఫ్ చేస్తుంటే ఒక ఆవృత్తి 20.8 మైక్రో సెకన్లు. ఆ లోపల వచ్చే ఎగుడుదిగుళ్ళకు పన్నెండు మైక్రో సెకన్ల నిల్వ సరిగ్గా సరిపోతుంది. ఏ మందు ఏ రోగానికో నేర్పకుండా మందు పేరు మాత్రమే నేర్పడం వల్ల వచ్చిన చిక్కిది. కెపాసిటర్ అంటే కాలం అని మొదటి పాఠంలోనే చెప్పాలి.

అన్నట్టు, ఈ 20.8ని మోటారు వేగం పక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఇలాంటి చిన్న మోటార్లలో 12 అయస్కాంతాలుంటాయి, అంటే ఆరు జతలు. నిమిషానికి 60,000 చుట్లు తిరిగితే సెకనుకు వెయ్యి చుట్లు. చుట్టుకు ఆరు జతలు, జతకు ఆరు దశలు. సెకనుకు 36,000 సార్లు దశ మారాలి, ఒక్కో దశకు 27.8 మైక్రో సెకన్లు. ఒక దశలో 48 కిలోహెర్ట్జ్ ఆవృత్తి ఒకటి ముగిసి రెండోది సగం కూడా కాదు! పూర్తి వేగం దగ్గర మోటారు గరగరలాడితే ఈఎస్సీలో నడిచే బ్లూజే ఫర్మ్‌వేర్‌లో 96 కిలోహెర్ట్జ్‌కి మార్చి చూడమనడంలో అర్థం ఇదే.

మళ్ళీ వోల్టేజీ దగ్గరికి వద్దాం. అది 2.7కి దిగితే మొదట దెబ్బతినేవి మాస్‌ఫెట్లు, అంటే మోటారు కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చులు. ఒంటి సెల్ బోర్డుల్లో గేటును (ఆ స్విచ్చును నడిపే పిన్ను) తెరిచే వోల్టేజీ కూడా ఆ బ్యాటరీదే. డేటాషీట్ మొదటి పేజీలో పెద్దక్షరాలతో వేసే నిరోధం 4.5 వోల్టుల గేటు దగ్గరిది. మనకు కావలసింది 2.5 వోల్టుల దగ్గరిది. అది పట్టికలో లేకపోతే ఆ మాస్‌ఫెట్‌ను పక్కన పెట్టెయ్యండి. గేటు వోల్టేజీ తగ్గితే నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే వేడెక్కుతుంది, వేడెక్కితే నిరోధం ఇంకా పెరుగుతుంది. ఎగురుతూ ఎగురుతూ చివరి అరనిమిషంలో ఒక మోటారు తడబడి డ్రోన్ బొంగరంలా తిరిగి పడిపోవడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

పై వైపు, అంటే బ్యాటరీ ప్లస్ వైపు, ఉండే పీ-ఛానల్ మాస్‌ఫెట్‌తో ఇంకో తలనొప్పి. దాన్ని మూయాలంటే గేటును బ్యాటరీ వోల్టేజీ దాకా ఎత్తాలి. 3.3 వోల్టుల ప్రాసెసర్ పిన్నును నేరుగా తగిలిస్తే, బ్యాటరీ 4.35 ఉన్నప్పుడు ఇంకా 1.05 వోల్టు తేడా మిగులుతుంది. తక్కువ వోల్టేజీకి చేసిన మాస్‌ఫెట్లు చాలావరకు అంతమాత్రానికే కొద్దిగా తెరుచుకుంటాయి. అందుకే మధ్యలో చిన్న ఎన్-ఛానల్ ట్రాన్సిస్టరు, గేటు నుంచి బ్యాటరీకి ఒక పుల్-అప్ రెసిస్టరు కావాలి. ఆ రెసిస్టరు 1 కిలో ఓమ్, గేటు కెపాసిటెన్స్ 600 పికోఫారడ్లు అయితే కాల స్థిరాంకం 0.6 మైక్రో సెకను. పూర్తిగా మూసుకోవడానికి దానికి రెండు మూడు రెట్లు పడుతుంది. ఈలోగా కింది మాస్‌ఫెట్ తెరుచుకుంటే బ్యాటరీ నేరుగా గ్రౌండుకు షార్ట్. 470 ఓమ్‌లు పెడితే సమయం సగమవుతుంది, బదులుగా తెరిచి ఉన్నంతసేపూ ఒక్కోటి 8 మిల్లీ ఆంపియర్లు తింటుంది. అది ఇచ్చుకోదగ్గ మూల్యమే. ఈఎస్సీలో నడిచే బీఎల్‌హెలీ-ఎస్ ఫర్మ్‌వేర్ పేరు చివర ఉండే సంఖ్య, పై మాస్‌ఫెట్ మూశాక కింది దాన్ని తెరిచే ముందు వదిలే ఈ ఖాళీ సమయాన్నే చెబుతుంది. మోటారు నున్నగా తిరుగుతుందన్న ఆశతో బోర్డుకు తగినదానికంటే చిన్న సంఖ్య ఎక్కిస్తే మాస్‌ఫెట్లు కాలిపోతాయి.

రెండో దెబ్బ బ్యాటరీ వోల్టేజీని 5 వోల్టులకు పెంచే బూస్ట్ కన్వర్టర్‌కు. కెమెరా, వీడియో ట్రాన్స్‌మిటర్ కలిసి 3 వాట్లు తింటాయనుకుంటే, 90 శాతం సామర్థ్యంతో బ్యాటరీ నుంచి 3.33 వాట్లు లాగాలి. 3.8 వోల్టుల దగ్గర అది 0.88 ఆంపియర్, 2.8 దగ్గర 1.19. బ్యాటరీ నీరసించేకొద్దీ ఇది ఇంకా ఎక్కువ లాగుతుంది! 1 మైక్రోహెన్రీ ఇండక్టరు, 1.5 మెగాహెర్ట్జ్ అయితే దాని మీద మరో 0.4 ఆంపియర్ శిఖరం, మొత్తం 1.6. ఇండక్టరు శాచురేషన్ కరెంటు (దాటితే ఇండక్టరు సరిగ్గా పనిచెయ్యని హద్దు) 2 ఆంపియర్లని రాసి ఉంటే చాలనిపిస్తుంది, కానీ వేడెక్కినప్పుడు ఆ హద్దు తగ్గుతుంది. 2.5కి తక్కువ తీసుకోవద్దు.

ఇక గైరో. దానికి ఇచ్చే 3.3 వోల్టులు శుభ్రంగా లేకపోతే మిగతాదంతా ఎంత బాగున్నా వృథా. ఈ చిప్పుల లోపల సూక్ష్మమైన సిలికాన్ భారం 25–30 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో కంపిస్తూ ఉంటుంది. ఈఎస్సీ 24 కిలోహెర్ట్జ్‌తో నడిస్తే సరఫరా మీది అలజడి సరిగ్గా ఆ పక్కనే పడుతుంది. రెండింటి తేడా కొన్ని కిలోహెర్ట్జ్‌గా గైరో రీడింగులోకి దిగుతుంది. ఫిల్టరు దాన్ని అసలైన కదలిక నుంచి విడదియ్యడానికి నానా తంటాలు పడుతుంది. దీనికి మందు చాలా చవక. ఐసీఎం-42688-పీ అనే గైరో చిప్పు తీసుకునేది ఒక మిల్లీ ఆంపియర్‌కు అటూ ఇటూ. అందుకని దానికి విడిగా ఒక చిన్న లీనియర్ రెగ్యులేటరు పెట్టి, దాని ముందు 10 ఓమ్‌ల రెసిస్టరు, 10 మైక్రోఫారడ్ల సిరామిక్ కెపాసిటరు ఉంచండి. రెసిస్టరులో పోయేది 10 మిల్లీ వోల్టులే. చిన్న సిరామిక్ కెపాసిటర్లు 5 వోల్టుల దగ్గర సగం విలువ పోగొట్టుకుంటాయి కాబట్టి నిజంగా మిగిలేది 5 మైక్రోఫారడ్లు అనుకున్నా, 3.2 కిలోహెర్ట్జ్ నుంచే వడపోత మొదలవుతుంది. 48 దగ్గరికి వచ్చేసరికి అలజడి పదిహేనో వంతుకు దిగుతుంది. విడి రెగ్యులేటరుతో ఇంకో లాభం: ప్రాసెసరు, రిసీవరు నడిపే పెద్ద రెగ్యులేటరు 200 మిల్లీ ఆంపియర్ల దగ్గర మూడో వంతు వాటు వేడి పుట్టిస్తుంది. దాన్ని గైరోకు దూరంగా బోర్డు అంచుకు నెట్టెయ్యవచ్చు.

గ్రౌండ్ సంగతి కూడా ఇలాంటిదే. ముందు మోటార్ల కరెంటు వెనకనున్న బ్యాటరీ ప్యాడ్‌కు తిరిగొస్తూ గైరో కిందుగా పోతే, ఒక్క మిల్లీ ఓమ్ మీదే వాటి వాటా 6 ఆంపియర్లకు 6 మిల్లీ వోల్టుల ఊగిసలాట. బల్లే కదులుతుంటే దాని మీది తక్కెడ తూకం నిలుస్తుందా? అనలాగ్ వీడియో సిగ్నల్ మొత్తం ఒక వోల్టే. థ్రాటిల్‌తో పాటు జరిగే చారలు తెరమీద కనిపిస్తే కారణం ఇక్కడ వెతకాలి. దీనికోసం గ్రౌండ్ పొరను కోసి ముక్కలు చెయ్యడం తప్పు. ఆ కోత మీదుగా పోయే ఎస్‌పీఐ తీగకు (చిప్పుల డేటాను ప్రాసెసరుకు చేర్చేది) తిరుగుదారి లేక కొత్త అలజడి పుడుతుంది. పొరను అఖండంగా ఉంచి, మోటారు కరెంటును అంచుల వెంట ఉంగరంలా నడిపించి, నడుమ భాగాన్ని గైరోకు, ప్రాసెసరుకు వదలాలి.

గైరో సరిగ్గా బోర్డు మధ్యలోనే ఉండాలన్నది మరో నమ్మకం. గట్టి వస్తువు తిరిగితే దాని మీది ప్రతి బిందువుకూ తిరుగుడు వేగం ఒకటే, కాబట్టి గైరోకు ఆ నియమం అక్కర్లేదు. అదే చిప్పులోని యాక్సిలరోమీటరుకు (త్వరణాన్ని కొలిచేది) కొంచెం తేడా వస్తుంది: 10 మి.మీ. పక్కన ఉంటే, సెకనుకు 600 డిగ్రీల తిరుగుడులో 0.11 జీ. ఆంగిల్ మోడ్‌లో (డ్రోన్ తనంతట తానే సమతలంగా నిలిచే పద్ధతి) ఎగిరేవాళ్ళు తప్ప మిగతావాళ్ళు గమనించలేరు. అంతకంటే ముఖ్యం స్క్రూ రంధ్రాలకు దూరం. స్క్రూ బిగిస్తే బోర్డు వంగి, ఆ ఒత్తిడి చిప్పు పొట్టలోకి పాకి సున్నా రీడింగును జరుపుతుంది. రబ్బరు గ్రొమెట్లు నలిగిపోయేలా బిగించకూడదన్నది కూడా ఇందుకే. చిప్పు కింద పై పొరలో తీగలు, వయాలు వద్దు. దాని ఇంటరప్ట్ పిన్నును (కొత్త రీడింగు సిద్ధమైందని చెప్పేది) ప్రాసెసరుకు తప్పక కలపాలి.

మిగతావి త్వరగా: మోటారు పిన్నులు నాలుగూ ఒకే పోర్టులో ఉంటే బైడైరెక్షనల్ డీషాట్‌కు (ఆజ్ఞ పంపిన తీగ మీదే మోటారు వేగం తిరిగొచ్చే పద్ధతి) డీఎంఏ, అంటే ప్రాసెసరు ప్రమేయం లేకుండా డేటాను తరలించే భాగం, ఇరుకు ఉండదు. ఈఎల్ఆర్ఎస్ రిసీవరును (రిమోట్ సిగ్నల్ అందుకునేది) యూఆర్ట్ అనే సీరియల్ పోర్టు మీద పెట్టండి. ఎస్‌పీఐ మీద పెడితే దాని వెర్షన్ బీటాఫ్లైట్ వెర్షన్‌కు ముడిపడిపోతుంది. ఎగిరినప్పటి రీడింగులు దాచే బ్లాక్‌బాక్స్‌కు 16 మెగాబైట్ల ఫ్లాష్ చాలు.

మొదటి బోర్డు చేతికొచ్చాక బ్యాటరీ పెట్టకండి. మోటార్లు తగిలించకుండా, బెంచ్ సప్లైని 4 వోల్టులకు, 0.2 ఆంపియర్ల పరిమితికి పెట్టి 5, 3.3 లైన్లు చూడండి. తర్వాత ఫ్రేమును బల్లకు బిగించి, కళ్ళద్దాలు పెట్టుకుని, ప్రొపెల్లర్లతోనే, పాతబడి నిరోధం పెరిగిన సెల్‌తో పదో వంతు సెకను పాటు పూర్తి థ్రాటిల్ ఇవ్వండి. ప్రొపెల్లర్లు తీసేస్తే మోటార్లకు భారమే ఉండదు, పరీక్షకు అర్థం లేదు. ఆసిలోస్కోప్ ప్రోబుకు పొడుగాటి గ్రౌండ్ క్లిప్పు బదులు చిన్న స్ప్రింగు వాడాలి, లేకపోతే తెరమీద కనిపించే అలజడి ప్రోబుదే. 5 వోల్టుల లైను నెమ్మదిగా జారితే కన్వర్టరు కరెంటు హద్దుకు చేరిందన్నమాట, కనెక్టర్, తీగలు, రాగి దారిలో లోపం వెతకండి. ఉన్నట్టుండి కుప్పకూలితే ఇండక్టరు శాచురేట్ అయింది, పెద్దది వెయ్యండి. 5 నిలకడగా ఉండి గైరో గీత మాత్రం లావెక్కితే పీడబ్ల్యూఎంను (ఈఎస్సీ మోటారును ఆన్, ఆఫ్ చేసే వేగం) 24 నుంచి 48 కిలోహెర్ట్జ్‌కి మార్చి మళ్ళీ చూడండి: గీత సన్నబడితే సరఫరా వడపోత చాలలేదు, సన్నబడకపోతే కంపనం ఫ్రేము నుంచి గ్రొమెట్ల మీదుగా వస్తోంది.