ఇష్టమైన పని ఎక్కడ దొరుకుతుందని అడిగారు కదా

ప్రియమైన పిల్లలూ,

పోయిన ఆదివారం ఫోనులో మీరిద్దరూ ఒకే రోజు దాదాపు ఒకే బాధ చెప్పుకున్నారు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే. పెద్దవాడు ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంప్యూటర్ ముందు కూర్చుని పట్టికలు నింపుతున్నాను అమ్మమ్మా, ఇవి ఎవరికో, ఎందుకో నాకే తెలియదు" అన్నాడు. చిన్నది ఇంకా ఏం చదవాలో తేల్చుకోలేదు. "అందరికీ ఏదో ఒకటి ప్రాణంగా ఉంది, నాకే ఏదీ లేదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు ఆ పూట సరైన మాట తోచలేదు. అంతా సర్దుకుంటుందిలే అనడం నాకు ఇష్టం లేదు, అందుకే ఊరుకున్నాను. వారం రోజులు ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను.

ముందు చిన్నదానికి. తల్లీ, ఇష్టం ఎక్కడో దాగి ఉంటుందని, వెతికితే దొరుకుతుందని నీకు ఎవరు చెప్పారో గానీ, ఆ మాట మీ వయసు వాళ్లను చాలామందిని ఏడిపిస్తోంది. అలా నమ్మినవాళ్లు ఒక పని మొదలుపెట్టిన రెండో వారంలో కష్టం ఎదురుకాగానే "అయితే నాది ఇది కాదన్నమాట" అని లేచిపోతారు. 2018లో పాల్ ఓకీఫ్, కారల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ సంగతిని పరీక్షించి చూశారు. కాలేజీ విద్యార్థులకు కృష్ణబిలాల గురించి సరదాగా సాగే చిన్న వీడియో చూపించారు. చూసినవాళ్లకు ఆసక్తి కలిగింది. తరువాత అదే విషయం మీద కొరుకుడుపడని శాస్త్రవ్యాసం ఒకటి ఇచ్చి చదవమన్నారు. ఇష్టం మనలో ముందే ఉంటుంది, దాన్ని కనుక్కోవడమే తరువాయి అని నమ్మేవాళ్ల ఆసక్తి ఎక్కువగా పడిపోయింది. ఇష్టం పెంచుకుంటే పెరుగుతుందని నమ్మేవాళ్లలో అంతగా పడిపోలేదు. అదే వీడియో, అదే వ్యాసం.

నా సంగతి మీకు సగమే తెలుసు. అమ్మమ్మ ముప్పై ఏళ్లకు పైగా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిందని తెలుసు. ఆ పని నేను కోరుకున్నది కాదని మాత్రం తెలియదు. ఇంట్లో జీతం అవసరమై చేరాను. పొడవాటి గ్యాలీ ప్రూఫు, అంటే పేజీలుగా విడగొట్టకముందు దిద్దడానికి తీసే అచ్చు కాగితం, బల్ల మీద పరిచి, చదివే వరుస కింద స్కేలు ఆనించి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చోవడం, అంతే. కథ చదివేవాళ్లకు కథ దొరుకుతుంది. ప్రూఫు చదివేవాళ్లకు ఒత్తులు, దీర్ఘాలు, సున్నలు దొరుకుతాయి. మొదటి రెండేళ్లు గడియారం వంక చూస్తూనే గడిపాను.

మా విభాగంలో పెద్దాయన ఒకరు నా అవస్థ చూసి, వరుసను చివరి మాట నుంచి మొదటి మాట దాకా వెనక్కి చదవడం నేర్పారు. ముందు నుంచి చదివితే వాక్యం మనల్ని లాక్కుపోతుంది. తరువాత ఏ మాట రావాలో మనసు ముందే ఊహించుకుని, అక్కడ లేని అక్షరాన్ని కూడా ఉన్నట్టే చూపిస్తుంది. వెనక్కి చదివితే కన్ను ఉన్నదాన్నే చూస్తుంది. ఆ కిటుకు పట్టుబడ్డాక, తప్పులకు కూడా నడవడిక ఉంటుందని నాకు మెల్లగా తెలియసాగింది. ఒక పెద్ద తప్పు దొరికితే దాని పక్కనే ఉన్న చిన్న తప్పు జారిపోతుంది, మొదటిది పట్టుకున్న సంతోషంలో కన్ను ముందుకు దూకేస్తుంది కాబట్టి. శీర్షికలో బండ అక్షరాల్లో పడిన తప్పును పదిమంది చూసి కూడా వదిలేస్తారు. ఇలాంటివి ఒక్కొక్కటే తెలుస్తున్న కొద్దీ పని మీద మనసు కుదిరింది. ఏ రోజున కుదిరిందని అడిగితే చెప్పలేను. ఒక సాయంత్రం అందరూ వెళ్లిపోయాక కూడా నేను బల్ల దగ్గరే ఉన్నానని గమనించాను, అంతే.

చార్లెస్ డార్విన్ పేరు మీరు పరిణామ సిద్ధాంతం పాఠంలో చదివారు. ఆయన నలభై ఏళ్లకు పైగా వానపాములను కూడా పట్టించుకున్నారని పాఠంలో ఉండకపోవచ్చు. 1837లో వాటి మీద మొదటి వ్యాసం చదివారు. 1842లో ఇంటి దగ్గరి పొలంలో ఒకచోట సుద్దముక్కలు చల్లించి వదిలేశారు. 29 ఏళ్లు ఆగి, 1871 నవంబరులో అక్కడ కందకం తవ్వించి చూస్తే, ఆ సుద్ద నేలకు 7 అంగుళాల లోతున వరుసగా కనిపించింది. వానపాములు అడుగున మట్టి తిని పైకి తెచ్చి విసర్జించడం వల్ల, ఏటా కొద్దికొద్దిగా కొత్త మట్టి పైన పేరుకుని సుద్ద కిందికి దిగింది. వాటికి చెవులున్నాయేమోనని కొడుకు చేత బాసూన్ అనే వాయిద్యం ఊదించారు, అవి కదలలేదు. వానపాములున్న మట్టి కుండీలను పియానో మీద పెట్టి ఒక మెట్టు నొక్కితే మాత్రం గభాలున బొరియల్లోకి దూరాయి. గాలిలో వచ్చే శబ్దం వాటికి తెలియదు, కుండీకి తగిలిన అదురు తెలుస్తుంది. ఆ పరిశీలనలన్నీ 1881లో పుస్తకంగా వేశారు, మరుసటి ఏడాదే కన్నుమూశారు. తల్లీ, వానపాము మీద పుట్టుకతోనే ఎవరికైనా ప్రాణం ఉంటుందా చెప్పు. చూడగా చూడగా వచ్చిన ఇష్టం అది.

ఇక పెద్దవాడి మాట. నాన్నా, నీ బాధ వేరు. నీకు పని వచ్చు, బాగానే చేస్తున్నావు. అది ఎవరి చేతికి వెళుతుందో నీకు కనిపించడం లేదు.

నాకు అది కనిపించిన రోజు చెబుతాను. నర్సుల శిక్షణ కోసం చిన్న చేతిపుస్తకం ఒకటి అచ్చవుతోంది. మూడో ప్రూఫు, అప్పటికే రెండుసార్లు దిద్దినది. పిల్లలకు ఇచ్చే ఒక మందు మోతాదుల పట్టికలో మూడు వయసులకు మూడు అంకెలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి: 0.25, 5, 0.75. నేను మామూలుగా దాటిపోయాను. రెండు వరుసలు వెళ్లాక ఏదో గుచ్చుకున్నట్టు అనిపించి వెనక్కి వచ్చాను. పైనా కిందా అంకెల బారు సరిగ్గా ఉంది, మధ్యలోది ఒంటరిగా నిలబడి ఉంది. మూలప్రతి తీసి చూస్తే 0.5. కంపోజింగులో సున్నా, చుక్క రాలిపోయాయి. ఇవ్వాల్సిన దానికి పది రెట్లు. ముందటి రెండు ప్రూఫుల్లోనూ అది అలాగే ఉంది, వాటిని దిద్దింది కూడా నేనే.

సరిచేసి ఇచ్చేశాను. ఇంటికి వచ్చాక చేతులు వణకడం మొదలైంది. ఆ రాత్రంతా ఒక మనిషి నా కళ్ల ముందు ఉంది: రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు, మసక వెలుతురు, ఒక చేతిలో మందు, ఇంకో చేతిలో ఆ పుస్తకం, పక్కన జ్వరంతో మూలిగే పసివాడు. ఆమె పేరు నాకు తెలియదు, ఆమెకు నా పేరు ఎప్పటికీ తెలియదు. ఆమె నన్ను నమ్మింది. తెల్లారి వెళ్లి ఆ పుస్తకంలోని పట్టికలన్నీ మళ్లీ మొదటి నుంచి చూస్తానని అడిగి తీసుకున్నాను.

అప్పటి నుంచి ప్రూఫు చేతికి రాగానే పైన మూలలో పెన్సిలుతో చిన్నగా రాసుకునేదాన్ని: ఆరో తరగతి పిల్ల. చూపు మందగించిన పెద్దాయన. రేపు ఇంటర్వ్యూకి వెళ్లే కుర్రాడు. పని అయ్యాక రబ్బరుతో చెరిపేసి ఇచ్చేదాన్ని. అవే అక్షరాలు, అదే బల్ల, అదే జీతం. గడియారం మాత్రం గుర్తుకు వచ్చేది కాదు.

ఇది నా ఒక్కదాని అనుభవమే అనుకోకు. 2007లో ఆడమ్ గ్రాంట్ అనే పరిశోధకుడు, మరికొందరు కలిసి ఒక విశ్వవిద్యాలయం కోసం ఫోనులో విరాళాలు అడిగే ఉద్యోగులతో ప్రయోగం చేశారు. రోజంతా "వద్దు" అనిపించుకునే పని అది. ఆ విరాళాలతో చదువుకుంటున్న ఒక విద్యార్థితో కొందరిని 5 నిమిషాలు మాట్లాడనిచ్చారు. నెల తరువాత చూస్తే, అలా మాట్లాడినవాళ్లు వారానికి ఫోను మీద గడిపే సమయం 142 శాతం పెరిగింది, తెచ్చిన సొమ్ము 171 శాతం పెరిగింది. జీతం పెంచలేదు, ఉపన్యాసాలు ఇవ్వలేదు. తమ కష్టంతో చదువుకుంటున్న మనిషిని ఒకసారి చూశారు.

ఆసుపత్రుల్లో శుభ్రం చేసేవాళ్ల గురించి ఎమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే పరిశోధకులు 2001లో రాసింది నాకు ఇంకా నచ్చుతుంది. పనుల జాబితా అందరికీ ఒకటే: తుడవడం, చెత్త తీయడం. కొందరు అంతటితో ఆగారు. మరికొందరు రోగులతో మాట్లాడేవారు, నర్సుల పనికి అడ్డు రాకుండా తమ వేళలు మార్చుకునేవారు. స్పృహలో లేని రోగుల వార్డులో పనిచేసే ఒకామె గోడల మీది పటాలను అప్పుడప్పుడు మార్చి పెట్టేదట, ఆ మార్పు వాళ్లకు ఏ కొంచెమైనా మేలు చేస్తుందేమోనని. అది ఆమెకు ఎవరూ అప్పగించిన పని కాదు.

కాబట్టి నాన్నా, నువ్వు నింపే పట్టిక ఎక్కడికి వెళుతుందో అడుగు. ఎవరో ఒకరు తెరుస్తారు కదా. వీలైతే ఒక గంట వాళ్ల పక్కన కూర్చో. అడిగాక అది ఎవరికీ అక్కరలేదని, ఎవరూ తెరవడం లేదని తేలితే, అది కూడా తెలియాల్సిన సంగతే. అప్పుడు ఆ పట్టిక మానేయమని పైవాళ్లకు చెప్పు. వినకపోతే వేరే చోటు చూసుకో. అందులో తప్పేమీ లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది, అది చెప్పకపోతే నేను మీకు అన్యాయం చేసినదాన్ని అవుతాను. 2009లో బండర్సన్, థాంప్సన్ అనే ఇద్దరు జంతు ప్రదర్శనశాలల్లో జంతువులను సాకేవాళ్ల మీద చేసిన అధ్యయనాన్ని వెలువరించారు. ఆ పని కోసమే తాము పుట్టామని నమ్మే ఉద్యోగులకు పనిలో అర్థం ఎక్కువగా కనిపించింది. జీతం, సమయం, సుఖం వదులుకోవడానికి కూడా వాళ్లే ముందు సిద్ధపడ్డారు, యాజమాన్యం చేతిలో నష్టపోయే ప్రమాదం కూడా వాళ్లకే ఎక్కువ. నేను కళ్లారా చూశాను, "మీరు అక్షరానికి సేవ చేస్తున్నారు" అని పొగిడి మా ఓవర్‌టైము డబ్బులు ఎగ్గొట్టిన రోజులు. పనిని ప్రేమించండి, జీతం కూడా గట్టిగా అడగండి. రెండింటికీ పడదని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంటి పనుల సంగతి కూడా అడిగారు, రోజూ చేసిందే చేయడంలో ఏముందని. 2010లో కిలింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే పరిశోధకులు 2,250 మందికి వేళాపాళా లేకుండా ఫోనులో ప్రశ్నలు పంపారు: ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా, సంతోషంగా ఉన్నారా అని. అడిగిన వేళల్లో 46.9 శాతం సార్లు మనసు ఇంకెక్కడో ఉంది. మనసు పక్కకు పోయినప్పుడు, చేస్తున్నది ఏ పనైనా సరే, సంతోషం తగ్గింది. దీన్ని పట్టుకుని ప్రతి క్షణం ధ్యానం చేయమని నేను చెప్పను. అప్పుడప్పుడు మనసు అలా షికారు వెళ్లి రావడం కూడా మంచిదే. నా మటుకు నాకు దుప్పటి చాలు.

తాతయ్య పోయాక మొదటిసారి దుప్పటి మడతపెట్టబోయి ఆగిపోయాను. అంతకుముందు ఎప్పుడూ ఇద్దరం చెరో కొస పట్టుకునేవాళ్లం. ఆ రోజు దాన్ని మంచం మీద పరిచి, ఒక మూల తీసుకెళ్లి రెండో మూలకు ఆనించి, అరచేత్తో ముడతను చివరిదాకా నొక్కుకుంటూ వెళ్లాను. చాలాసేపు పట్టింది. అంచులు కలిశాయి. ఆ నెలలో నేను మొదలుపెట్టి పూర్తిచేసిన మొదటి పని అది. ఇప్పటికీ వారానికోసారి అలాగే మడతపెడతాను, ఆ సమయంలో ఫోను మోగినా తీయను. మీరు చేస్తే నేను తీయకపోవడానికి కారణం అదే, కోపం తెచ్చుకోకండి.

పెద్దవాడా, పట్టిక ఎవరి దగ్గరికి వెళుతుందో కనుక్కుని నాకు రాయి. తెరవగానే వాళ్లు ముందు ఏ గడి చూస్తారో కూడా అడిగి రాయి, నాకు అది తెలుసుకోవాలని ఉంది. చిన్నదానా, పోయిన సెలవుల్లో మన వెనక గది కిటికీ మూలలో సాలీడు గూడు కడుతుంటే మూడు రోజులు కుర్చీ వేసుకుని చూశావు, నాలుగో రోజు బొమ్మ గీయడం రావడం లేదని విసిగి కాగితం చింపేశావు. ఆ ముక్కలు నా దగ్గరే ఉన్నాయి. ఆ మూల నేను ఇంకా దులపలేదు. గూడు పోయిన వారం కొంచెం పక్కకు జరిగింది, ఎందుకో నాకు అర్థం కాలేదు. ఈసారి వచ్చినప్పుడు నువ్వు చూసి చెప్పు.

మీ
అమ్మమ్మ